మిగిలిన ముక్క వచ్చే ఏడు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పిల్లలు ఇంగ్లీషులో ఇంతకాలం వెనకబడి ఉండడానికి కారణం, వాళ్లకు మాటలను మొదటి నుంచి చివరి దాకా నేర్పడమేనని 'ఉపసర్గల వికాస మిషన్' కనిపెట్టిన రోజు విద్యా చరిత్రలో నిలిచిపోతుంది. మాటకు ముందు తగిలించే ముక్కే ఉపసర్గ. రీ, అన్, ప్రీ, డిస్, ఇలాంటివి. తాళంచెవుల గుత్తి చేతికిస్తే చాలు, తలుపులు వాటంతట అవే వస్తాయన్నది మిషన్ వారి నమ్మకం. అందువల్ల ఈ ఏడాది ఉపసర్గలు మాత్రమే నేర్పాలని, వాటి వెనక వచ్చే మూలపదాలను రెండో దశలో విడుదల చేస్తామని ఉత్తర్వు వచ్చింది. (మూలపదాల టెండరు ఇంకా ఖరారు కాలేదు. ఉపసర్గలు పొట్టివి కాబట్టి తొందరగా అచ్చయ్యాయి.)

మరిపెడ దగ్గరి తుమ్మలవాగు తండా బడికి ఐలేశ్ ఒక్కడే పంతులు. హెడ్మాస్టరు, గుమాస్తా, గంట కొట్టేవాడు కూడా అతనే. శిక్షణ కోసం జనగామకు వెళ్లి, మూడు జిల్లాల పంతుళ్లతో కలిసి ఫ్యాను తిరగని హాల్లో కూర్చున్నాడు. మిషన్ సమన్వయాధికారి జితేందర్ తెర మీద 'రీ' అని చూపించి, ఆ ముక్క చుట్టూ బాణాలు గీశాడు. బాణాలు అన్ని దిక్కులకూ వెళ్లాయి కానీ ఎక్కడికీ చేరలేదు.

కాటారం నుంచి వచ్చిన యోసేపు పంతులు లేచాడు. "సార్, ముందు ముక్క ఒక్కటే చెప్తే పిల్లగాండ్లకు ఏం సమజైతది?"

"సమజ్ చేసుకునుడు మూడో దశల ఉన్నది సార్," అన్నాడు జితేందర్ ఓపికగా. "లగ్గానికి ముందు పసుపు కొడుతరా, లేదా? పసుపు కొట్టిన దినమే పిల్ల పుట్టాలంటె ఎట్ల?"

హాలంతా చప్పట్లు కొట్టింది. ఐలేశ్ కూడా కొట్టాడు. ఉత్తర్వు చివరి పేరా చదివింది ఆ తర్వాత. ఫోనులో పిల్లల మాటలు వినే మిషన్ యాప్ పెట్టే పరీక్షలో బంగారు స్థాయికి చేరని బడులను దగ్గరి బడిలో కలిపేస్తారట.

దగ్గరి బడి వాగు అవతల ఉంది. అధికారుల మ్యాపులో వాగు సన్నని నీలం గీత. వానాకాలంలో అది నడుము లోతు. ఐలేశ్ ఈ సంగతి తండాలో చెప్పిన సాయంత్రమే, నాలుగో తరగతి జమున తల్లి సోమ్లీ బడి గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"సారూ, బడి గీడ ఉంటెనే నా పిల్ల సదువుతది. వాగు దాటిచ్చి తోలను. నిరుడు మా మరిది బిడ్డ గా వాగులనే కొట్టుకపోంగ ఎవలో జుట్టు పట్టి గుంజిండ్రు. బడి పోతే నాతోని మిర్పకాయ ఏరనీకి వస్తది, గంతే."

"బడి యాడికి పోదక్కా. నేనున్న గద," అన్నాడు ఐలేశ్.

మర్నాడే చదువు మొదలైంది, చిక్కూ మొదలైంది. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడిలో తెలుగు నేర్చుకుంటారు. ఇంగ్లీషు మాత్రం ఎవరూ నేర్పకుండానే ఫోన్ల నుంచి అబ్బింది. జమున అయితే తండాలో సగం మంది ఫోన్లకు తనే రీఛార్జ్ చేసి పెడుతుంది. ఐలేశ్ 'రీ' అనగానే ఆ పిల్ల "రీఛార్జ్" అంది. 'అన్' అనగానే వెనక బెంచీ వాళ్లు "అన్‌లాక్" అన్నారు. బల్ల మీది ఫోనులో యాప్ ఎర్రగా మారి 'అనధికార మూలపదం' అని మొత్తుకుంది. మంజూరు కాని మాటలు పిల్లల నోట్లో దొరికితే అది పంతులు తప్పు కిందికే వస్తుంది.

తెలియనిది నేర్పడం ఐలేశ్‌కు చేతనవును. తెలిసింది మింగించడం ఎట్లాగో శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఆలోచించి ఆలోచించి, చివరికి బడి ముందు సుద్దతో ఒక గీత గీశాడు. పిల్లలు ఒక్కొక్కరే ఉరికి వచ్చి, 'రీ' అంటూ గీత దగ్గర ఆగాలి. గీత దాటితే ఔట్. మొదట్లో అందరూ దాటారు. కాళ్లు ఆగినా నోరు ఆగేది కాదు, నోరు ఆగితే కాళ్లు జారేవి. మెల్లగా రెండూ ఆగడం మొదలైంది. జమున అందరికన్నా ఆఖరున నేర్చుకుంది.

"సార్, మిగిలిన ముక్క నోట్లెనే ఉన్నది. ఏం చెయ్యాలె?"

"మింగు బిడ్డా. వచ్చే ఏడు చెప్దువు."

ఆ మాట అన్నాక ఐలేశ్‌కు తన మీద తనకే రోత పుట్టింది. వచ్చిన మాటను పిల్ల గొంతులోకి తిరిగి తోయడానికా తను పంతులైంది? కానీ వాగు గుర్తొచ్చింది. వాన చినుకులకు చెరిగిన గీతను మళ్లీ గీశాడు.

తనిఖీకి జితేందర్ జీపులో వచ్చాడు. పిల్లలను వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరి నోటి ముందు ఫోను పెట్టాడు. రీ. అన్. ప్రీ. డిస్. ఒక్కరూ గీత దాటలేదు. జమున వంతు వచ్చింది. ఆ పిల్ల "రీ" అంది. పెదవులు ఇంకొంచెం కదిలాయి. కళ్లు మూసుకుని గుటక వేసింది. యాప్ బంగారు రంగులోకి మారింది.

తలుపు పక్కన నిలబడ్డ సోమ్లీకి గాబరా అయింది. "మా పిల్ల సగమే చెప్పింది గద సారూ?"

"సగం చెప్పుడే పూరా మార్కులమ్మా," అన్నాడు జితేందర్.

తుమ్మలవాగు తండా బడి మూడు జిల్లాల్లో మొదటిది అయింది. భూపాలపల్లిలో సభ పెట్టి ఐలేశ్‌కు శాలువా కప్పారు. (శాలువా కూడా సగమే కప్పారు. మిగతా సగం పక్కన కూర్చున్న ముఖ్య అతిథి కుర్చీ కింద ఇరుక్కుంది.) సభలోనే అతని చేతికి కొత్త ఉత్తర్వు ఇచ్చారు. ఇంతటి ప్రతిభను ఒక్క తండాలో బంధించడం అన్యాయం కనుక, ఐలేశ్‌ను తక్షణమే మిషన్‌కు ప్రధాన శిక్షకుడిగా తీసుకున్నారు. ఇక నుంచి ఊరూరా తిరిగి పంతుళ్లకు గీత గీయడం నేర్పాలి. కిందనే ఇంకో వాక్యం ఉంది. పంతులు లేని బడి దానంతట అదే దగ్గరి బడిలో కలిసిపోతుంది.

ఐలేశ్ వేదిక వెనక జితేందర్‌ను పట్టుకున్నాడు. "సార్, బడి ఉండాలెననే గద నేను గిదంత చేసింది. నాకు గీ కొలువు వద్దు, నన్ను ఆడనే ఉండనియ్యుండ్రి."

"పరేషాన్ కాకుండ్రి ఐలేశ్ సార్. మీ బడి ఓడి పోతలేదు, గెలిచి పోతున్నది. రికార్డుల ఎంత ఇజ్జత్‌గ ఉంటదో చూడుండ్రి." ఐలేశ్ రాసిచ్చిన విన్నపం పరిశీలనకు ముందు దశలో ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మరుసటి ఏడు మిరప కోతలప్పుడు, ఐలేశ్, జితేందర్ మిషన్ జీపులో మరిపెడ దారిన పోతున్నారు. రోడ్డు పక్క తోటలో కూలీలు వంగి కాయలు ఏరుతున్నారు. వాళ్లలో ఒక చిన్న తల చూసి ఐలేశ్ జీపు ఆపించాడు.

"మంచిగున్నవా సారూ?" అంది సోమ్లీ. ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనుకున్నాడు ఐలేశ్.

"పిల్ల బడికి పోతలేదా అక్కా?"

"వానలు పడేదాంక పోయింది సారూ. వాగొచ్చింది, బందు పెట్టిన. చెప్పిన గద నీకు."

జితేందర్ ఫోను తీసుకుని దిగాడు. "మన బంగారు బడి పిల్ల గాదు? ఏది బిడ్డా, జర 'రీ' తోని ఒకటి చెప్పు."

జమున లేచి నిలబడి, కారం చేతులు గౌనుకు తుడుచుకుంది. "రీ" అంది. మిరప చాళ్ల మధ్య గీత ఏదీ లేదు. అయినా గీత దగ్గరే ఆగింది. ఆగి, వచ్చే ఏడు వచ్చిందా అన్నట్టు ఐలేశ్ వైపు చూసింది.

"చెప్పు బిడ్డా," అన్నాడు ఐలేశ్. "మొత్తం చెప్పు. ఏం గాదు."

జమున నోరు తెరిచింది. కాసేపు వెతుక్కుని మూసుకుంది.

"వద్దు వద్దు," అన్నాడు జితేందర్ కంగారుగా. "మూలపదాలు ఇంక ఘనపూర్ గోదాములనే ఉన్నయి." అని ఆ పిల్లను ఫొటో తీసి, 'బడి మానినా చెదరని చదువు' అని పేరు పెట్టాడు. ఫొటోలో మిరపకాయల బస్తా కనబడుతోందని కింది నుంచి సగం కత్తిరించాడు. మిగిలిన ముక్కకు యాప్ బంగారు నక్షత్రం ఇచ్చింది.