చుక్క వదలకూడదు

ఆ ఆదివారం ఉదయం ఇంజనీరుగారు పెట్టుకున్న పని ఒక్కటే. స్నానం చేసి వచ్చేలోగా నాలుగేళ్ళ కూతురు చిట్టిచేత గుండ్రం, చతురస్రం, ముక్కోణం దిద్దించాలి. కాగితం మీద మూడింటినీ చుక్కలతో గీసి ఇచ్చారు.

"చుక్కల గీత కనిపిస్తే చాలు, దానిమీద పెన్ను పోనివ్వాలి. ఒక్క చుక్క కూడా వదలకూడదు."

"ఎక్కడున్నా దిద్దాలా నాన్నా?"

"ఎక్కడున్నా!"

ఆయన స్నానం ముగించేలోగా మూడూ అయిపోయాయి. చిట్టి చుక్కల కోసం వెతుక్కుంది. బల్లమీద పళ్ళ డాక్టరుగారి కొత్త ఆసుపత్రి ప్లాను పరిచి ఉంది. రోగులు కూర్చునే హాలు నడుమ చుక్కలతో ఒక గుండ్రం. అది సీలింగుకు అమర్చబోయే అలంకారం; పైన ఉండేవాటిని ప్లానులో చుక్కలతోనే చూపిస్తారు, నిండు గీత ఉంటే గోడ అని అర్థం. చిట్టికి ఆ సంగతి తెలియదు. నాలిక బయటపెట్టి, నాన్న నల్ల పెన్నుతో శ్రద్ధగా దిద్దింది.

ఇంజనీరుగారు వచ్చి కాగితం చూసి, "అచ్చం నా చెయ్యే!" అని మురిసిపోయి, ప్లాను చూడకుండానే చుట్టి మేస్త్రీకి పంపేశారు.

రెండు రోజులకు, ఆయన మరో చోట కాంక్రీటు పోయిస్తుండగా మేస్త్రీ ఫోను.

"అయ్యా, హాల్లో గుండ్రం ఎంత ఎత్తు?"

"తొమ్మిదడుగులు."

"తలుపెటు పెట్టమంటారు?"

"గుండ్రానికి తలుపేమిటయ్యా! మతిగానీ పోయిందా?"

మేస్త్రీది ముప్పయ్యేళ్ళ అనుభవం. చదువుకున్నవాళ్ళతో వాదించడు.

శనివారం డాక్టరుగారు ఉన్నపళంగా రమ్మని కబురు పెట్టారు. హాలు నడుమ, తిరగేసిన బావిలా, తలుపులేని తొమ్మిదడుగుల గుండ్రపు గోడ! ఇంజనీరుగారికి పైప్రాణాలు పైనే పోయాయి. ప్లాను లాక్కుని చూశారు. చుక్కలుండాల్సిన చోట బొద్దు గీత. ఒకచోట చిట్టి చెయ్యి వణికి చిన్న బొడిపె వచ్చింది. మేస్త్రీ ఆ బొడిపెనూ కట్టాడు.

"వెంట్రుకవాసి తేడా రాలేదయ్యా," అన్నాడు గర్వంగా.

తప్పు అతని నెత్తిన రుద్దడం తేలికే. అయినా ఇంజనీరుగారు నిజం చెప్పేశారు. "మేస్త్రీ తప్పేం లేదు డాక్టరుగారూ. మా పాప దిద్దింది, నేను చూసుకోలేదు. రేపే పడగొట్టిస్తాను."

డాక్టరుగారు గోడమీద చేత్తో తట్టారు. "లోపల మనిషి అరిస్తే బయటికి వినిపిస్తుందా?"

ఇంజనీరుగారు రెండడుగులు వెనక్కి వేశారు. "అంతగా... వినిపించదండీ."

"అయితే ముట్టుకోకండి! పాత ఆసుపత్రిలో ఒకడి పన్ను పీకుతుంటే, ఆ కేకకు బయట కూర్చున్న పదిమందీ చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోతున్నారు. కుర్చీ ఇందులోనే వేస్తాను. పైన కప్పేసి, తలుపొకటి పెట్టించండి చాలు."

ఇప్పుడు ఆ గదిని చూడడానికి వేరే డాక్టర్లు కూడా వస్తున్నారు. ఇంత గొప్ప ఆలోచన ఎవరిదని వాళ్ళు అడిగినప్పుడల్లా ఇంజనీరుగారు వినయంగా తల వంచుకుంటున్నారు.