కంప్రెసర్ పోయిన కారులో చలి

పాండురంగ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు తీసుకుని ధర్మవరం పోవాలి, పాడైన ఏసీ కంప్రెసర్ తీయించి కొత్తది వేయించాలి, సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరాలి. హిందూపురంలో మెకానిక్కులు లేక కాదు. అక్కడ ఏ షెడ్డులో బానెట్ ఎత్తినా కబురు బావ ఈరప్పకు చేరుతుంది. "సెకండ్ హ్యాండ్ కారు వద్దప్పా" అని ఆయన మొత్తుకుంటే, "దీన్లో ఎండాకాలం కూడా ఊటీనే బావా" అని కోతలు కోసినవాడు మరి పాండురంగే.

తీరా వీధి మలుపు తిరగగానే చంకలో సంచితో ఈరప్పే చెయ్యెత్తాడు.

"యాడికి పోతాండావు పాండూ?"

"ధర్మవరం బావా." సమయానికి అబద్ధం తట్టలేదు.

"నేనూ ఆడికే. అంగడికి చీరలు తేవాల."

ఎక్కి కూర్చుని అద్దం దించబోయాడు. పాండురంగ గబుక్కున ఆపాడు. "ఏసీ వేసినా బావా! చల్లదనమంతా బయటికి పోతాది." స్విచ్చు తిప్పితే చప్పుడు మాత్రం ఘనంగా వచ్చింది.

సోమందేపల్లి దాటేసరికి మే నెల ఎండకు ఈరప్ప చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఏసీ పనిచేస్తాండాదా?"

"ఫుల్లులో ఉండాది. నాకైతే చలి పెడతాండాది," అని పాండురంగ మెడ వెనక కారుతున్న చెమటను సీటుకు తుడిచేస్తూ, ఒక చేత్తో భుజం రుద్దుకున్నాడు.

ఈరప్ప ముఖం పాలిపోయింది. ఏసీలో చెమట పడితే గుండెపోటేనని మొన్ననే ఫోన్లో వీడియో చూశాడు. వెంటనే భార్యకు ఫోన్ కలిపాడు. "ఓబులా, ఇంగ నేను లేననుకో."

నిజం చెప్పడానికి నోరు తెరిచిన పాండురంగ, ఫోన్లోంచి అక్క పెట్టిన శోకాలు విని మళ్లీ మూసేశాడు. అంత ఏడిపించాక అదంతా అబద్ధమంటే అక్క ఊరుకునే మనిషి కాదు.

పెనుకొండలో కనిపించిన మొదటి ఆసుపత్రి ముందు కారు ఆపాడు. ఈసీజీ బాగానే వచ్చింది. కానీ "ఏసీలో ఇంత చెమటా?" అని డాక్టరమ్మకు అనుమానం వచ్చి, పుట్టపర్తి పెద్దాసుపత్రికి పంపాలని అంబులెన్సు పిలిపించింది. అంతలో ఓబులమ్మ జీపు నిండా చుట్టాలతో దిగింది. బావను స్ట్రెచర్ మీద ఎత్తుతుంటే ఇక పాండురంగ తట్టుకోలేకపోయాడు.

"ఆపండమ్మా! బావకేమీ కాలేదు. ఏసీనే పనిచెయ్యలేదు. కంప్రెసర్ పోయినాది!"

ఈరప్ప స్ట్రెచర్ మీదే లేచి కూర్చున్నాడు. బూతులు తిడతాడనుకుంటే, బామ్మర్దిని ఎగాదిగా చూశాడు.

"మరి నీకు చలెట్ల పెట్టినాది?"

"అది... ఊరికే చెప్పినా బావా."

"ఊరికే కాదు డాక్టరమ్మా. వీడు భుజం రుద్దుకునేది నా కండ్లతో చూసినా. ఇంత ఎండలో, అద్దాలు మూసిన కారులో వీడికి చలి పెట్టినాది!" ఆ గొంతులోది ఆదుర్దానో, మరింకేమైనానో ఎవరూ పోల్చుకోలేకపోయారు.

డాక్టరమ్మ పాండురంగ నుదురు తాకి చూసింది. కారులో ఉడికిన ఒళ్లు, కాలిపోతోంది. "చలిజ్వరం. రక్తం తీయండి" అంది.

ఓబులమ్మ ఏడుపు మొగుడి మీంచి తమ్ముడి మీదికి మళ్లింది.

"నాకేం లేదక్కా!"

"జ్వరంలో అట్లే మాట్లాడతార్రా. పండుకో."

ఈరప్ప అతని జేబులోంచి కారు తాళం తీసుకున్నాడు. "కంప్రెసర్ నేనే వేయించుకొస్తాలే అప్పా" అని అద్దాలు నాలుగూ దించుకుని, హాయిగా ధర్మవరం వైపు సాగిపోయాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. నర్సు వచ్చి పాండురంగకు రెండో దుప్పటి కప్పింది.