యాక్సెస్ డినైడ్ వర్ధిల్లాలి!

మీ కంప్యూటర్లో ఫోల్డర్లన్నీ నొక్కగానే తెరుచుకుంటున్నాయా? అయితే మీ మీద నాకు జాలిగా ఉంది.

నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్‌లో 'యాక్సెస్ డినైడ్' అన్న ఎర్రర్ ఒక్కసారైనా ఎదురుపడని మనిషి జీవితంలో సగం సుఖాలు ఎరగనట్టే. అంత ముక్కుసూటిగా మాట్లాడేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు చెప్పండి? సెలవడిగితే మేనేజర్ "చూద్దాం" అంటాడు. ఇల్లు అద్దెకడిగితే ఓనరు "కబురు చేస్తాం" అంటాడు. ఫోల్డర్ ఒక్కటే ఏ మొహమాటమూ లేకుండా మొహం మీదే కుదరదు అనేస్తుంది!

మా ఆఫీసు సంగతే చూడండి. ఒకరోజు పొద్దున్నే రిపోర్టుల ఫోల్డర్ ఎవరికీ తెరుచుకోలేదు. మేనేజర్ కేబిన్లోంచి లేచి, స్వయంగా మా బల్లల దగ్గరికి నడిచొచ్చాడు. ఆయన అంత పొడుగని మాలో చాలామందికి ఆరోజే తెలిసింది! ప్లానింగ్ సెక్షన్ అమ్మాయి సేల్స్ కుర్రాణ్ని ఎడిట్ పర్మిషన్ అడిగింది. ఎలా ఇవ్వాలో తెలియక అతను ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు వాళ్లకి కవలలు. అదే ఫోల్డర్ సవ్యంగా తెరుచుకుని ఉంటే ఆ పసివాళ్ల గతేం కాను?

నా మటుకు నాకు ఈ ఎర్రర్ చేసిన మర్యాద ఏ జన్మకీ మరవలేనిది. ఇంట్లో ఒక ఫోల్డర్ పేరు మార్చబోతే, 'దీన్ని మార్చడానికి ఫలానా వారి అనుమతి కావాలి' అని తెర మీద పడింది. ఎవరా ఫలానా అని కళ్లజోడు సర్దుకుని చూస్తే, నేనే! గోడల రంగు దగ్గర్నుంచి టీవీ రిమోట్ దాకా ఈ ఇంట్లో నా అనుమతి అడిగిన పాపాన ఎవరైనా పోయారా? కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, "ఇచ్చాను, తీసుకో!" అన్నాను. కంప్యూటర్ వినిపించుకోలేదు. మా ఆవిడ మాత్రం వినిపించుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఎవరికి, ఏమిచ్చేశారు?"

సరే, ఇక అసలు కథకొస్తాను.

మా అక్క వేరే ఊళ్లో ఉంటుంది. అమ్మ ఉన్నన్నాళ్లూ అక్క కబుర్లు నాకూ, నా కబుర్లు అక్కకూ అమ్మే చేరవేసేది. అమ్మ పోయాక ఆ దారి కాస్తా మూసుకుపోయింది. మా మధ్య దెబ్బలాటలేమీ లేవండోయ్! ఫోన్ చేయడానికి కారణం దొరకలేదు, అంతే. అందుకని అమ్మ బీరువాలో దొరికిన పాత ఫొటోలు ఇద్దరం పంచుకుని, స్కాన్ చేసి, ఒకే ఫోల్డర్లో పెట్టుకుందామనుకున్నాం. అక్క ఒక ఫొటో పెట్టేది. నేను దానికింద బొటనవేలి బొమ్మ పెట్టేవాణ్ని. నేనొకటి పెడితే అక్క బొటనవేలు పెట్టేది. తోడబుట్టినవాళ్లం బొటనవేళ్లతో బతికేస్తున్నాం.

ఫోల్డర్ నాదే కాబట్టి ఎవరికెంత హక్కు ఇవ్వాలో నేనే పంచాను. అక్కకు ఫుల్ కంట్రోల్. బావగారికి చూస్తే చాలు కదా అని రీడ్ ఓన్లీ. అంతే, ఆయన దగ్గర్నుంచి ఫోను!

"ఏవయ్యా బావమరిదీ, ఇంటల్లుణ్ని! నన్ను చూసి పొమ్మంటావా? ముట్టుకోకూడదా?"

నాలుక్కరుచుకుని ఆయనకూ ఫుల్ కంట్రోల్ ఇచ్చేశాను. నీకేం కావాలని మా ఆవిణ్ని కూడా అడిగాను.

"నాకు చూస్తే చాలు. మార్చాల్సినవి మీలోనే బోలెడున్నాయి," అంది.

అధికారం చేతికొచ్చిన బావగారు ఊరికే కూర్చుంటారా? పరాయివాళ్ల కళ్లు మన ఫొటోల మీద పడకూడదని, 'ఎవ్రీవన్' అన్న పేరు పక్కన 'డినై' అన్న గడిలో టిక్కు పెట్టారు. ఎవ్రీవన్ అంటే ఊళ్లోవాళ్లని ఆయన ఉద్దేశం. కంప్యూటర్ లెక్కలో అక్కా, నేనూ, సాక్షాత్తూ ఆయనా కూడా అందులోవాళ్లమే! పైగా ఒకచోట ఇవ్వమనీ ఇంకోచోట వద్దనీ ఉంటే, వద్దన్న మాటే నెగ్గుతుందట. ఒక్క టిక్కుతో ఇంటిల్లిపాదీ వీధిన పడ్డాం.

ఇదంతా తర్వాత తెలిసిన సంగతి. ముందు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, తెరుచుకోవట్లేదురా!"

"కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్లక్కా."

"వెళ్లా. ఏదో గుండ్రంగా తిరుగుతోంది."

"తిరగనీ."

ఆహా, ఆ తిరిగేదాన్ని కనిపెట్టినవాడి కడుపు చల్లగుండ! అది తిరుగుతున్నంతసేపూ అక్క మాట్లాడింది. మోకాలి నొప్పి గురించి, ఎదురింటివాళ్ల కుక్క గురించి, బావగారి గురక గురించి. చిన్నప్పుడు తన గౌను నాకు తొడిగి ఫొటో తీయించింది అక్కేననీ, నేరం అమ్మ మీదకి తోసేసిందనీ ఆరోజే బయటపడింది. నవ్వీ నవ్వీ నాకు పొలమారింది. ఆపైన సెక్యూరిటీ అన్న పేజీలో 'ఇన్‌హెరిటెన్స్' కనబడింది. పై ఫోల్డర్‌కున్న హక్కులు లోపలి ఫోల్డర్లకు వాటంతటవే వస్తాయని చెప్పాను.

"అమ్మ ముక్కు నాకూ, మొండితనం నీకూ వచ్చినట్టా?" అంది.

రోజూ ఇదే వరస. ఆ పెట్టెలో టిక్కు పెట్టు, ఈ పెట్టెలో తియ్యి, మూసెయ్యి, మళ్లీ తెరువు. ఫోల్డర్ మాత్రం చలించలేదు. మేమూ తొందరపడలేదు.

నా బుద్ధి గడ్డి తిని ఒకరోజు మా ఆఫీసు సిస్టమ్ అడ్మిన్‌కు చూపించాను. ఆ దుర్మార్గుడు టీ తాగుతూ, కప్పు కూడా కింద పెట్టకుండా, బావగారి టిక్కు తీసేశాడు! ఫోల్డర్ బార్లా తెరుచుకుంది. అక్కకు చెబితే, ఆ టిక్కు ఎక్కడుంటుందో, దేన్ని నొక్కితే వస్తుందో గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత ఫోన్ లేదు. బొటనవేళ్లు తిరిగొచ్చాయి.

దీన్ని బాగుచేయడం అంటారా? ఫైళ్లు పంచుకోవడానికి సవాలక్ష సాఫ్ట్‌వేర్లున్నాయి. ఏదీ పాడవకపోతే మాత్రం తమ్ముడికి అక్కతో పనే లేదు! ఊరికే ఫోన్ చేసి చూడండి, "ఏమైందిరా, అందరూ బాగానే ఉన్నారా?" అని అవతలివాళ్లు హడలిపోతారు. నాకు మా అక్క గొంతు వినాలనుంది. ఆ ముక్క ఆమెతో అనడానికి ఈ వయసులో సిగ్గేస్తోంది. ఎర్రర్ ఉంటే సిగ్గుతో పనుండదు.

అందుకే ఇవాళ గుండె రాయి చేసుకుని ఒక నిర్ణయం తీసుకున్నాను. ఫోల్డర్లోంచి అక్క పేరు తీసేద్దామని కూర్చున్నాను. కుడి బటన్ నొక్కాను, ప్రాపర్టీస్‌లోకి వెళ్లబోయాను. యాక్సెస్ డినైడ్! ఎవరికి? నాకు! నా ఫోల్డర్లోకి!

కంగారుగా అక్కకు ఫోన్ చేశాను. మొదటి రింగు పూర్తికాకుండానే ఎత్తింది.

"ఏరా, ఫోల్డర్ తెరుచుకోవట్లేదా?" అంది.

నేనింకా హలో కూడా అనలేదు.