ఖాళీ మంచం వెనక్కి పోదు

కనకం భర్త పైడిరాజుకు చెడ్డ అలవాట్లేమీ లేవు. తాగడు, పేకాడడు, ఊరి అప్పులకు పూచీ ఉండడు. ఉన్నదల్లా ఒక్కటే లోపం: తానెక్కడుంటే అక్కడ తన ముందొక రైలుబండి ఉందనుకుంటాడు. గూడ్సు గార్డుగా బిలాస్‌పూర్ నుంచి బొగ్గు బళ్ళ వెనకాల తిరిగి తిరిగి, ప్రపంచాన్ని వెనకనుంచి చూడడం మరిగిన మనిషి. పెళ్ళి భోజనాల్లో పంక్తి చివర కూర్చుంటాడు. గుళ్ళో ప్రదక్షిణాలు అందరి వెనకా చేస్తాడు. అన్నానికి పిలిస్తే "లైన్ క్లియరేనా?" అని అడిగి గాని కుర్చీలోంచి లేవడు. అవతల పప్పు చల్లారిపోతుంది.

ఆ ఆదివారం పొద్దున్న కుదుదండ్‌లోని తమ ఇంట్లో టీ కప్పు ఆయన చేతికిచ్చి, కనకం మామూలుగా చెప్పింది.

"మే నెలలో హిమాలయాలకెళ్తున్నానండీ. కోని యూనివర్సిటీలో పనిచేసే హరిప్రియ మేడం తీసుకెళ్తున్నారు. అందరం ఆడవాళ్ళమే. ఎవరి సంచి వాళ్ళే మోసుకుని కొండెక్కాలిట."

పైడిరాజు కప్పు దించేశాడు. "ఏటే? నువ్వా? బుధవారీ బజారు నుంచి బంగాళాదుంపలు మోసుకొచ్చి గుమ్మంలో కూలబడతావు. నువ్వు కొండెక్కుతావేటి?"

"కూలబడేది దుంపల బరువుకి కాదండీ. తలుపు తీసే నాథుడు లేక."

"ఆ మాటలకేం గాని. నీ మోకాళ్ళ సంగతి నాకు తెలీదేటి? సరే, ఒక పని చేద్దుం. ముందు మన అడవిలో ఒక్క రాత్రి ఉండు చూద్దుం. సంచి తగిలించుకుని కరియాఝోర్ లోయ దాకా నడవాల. అక్కడ అటవీశాఖ వాళ్ళ గుడిసెలో పడుకుని, తెల్లారి మళ్ళీ నడిచి రావాల. నిన్నెవరూ మొయ్యకూడదు. నెగ్గేవా, నువ్వొచ్చేదాకా నా కూడు నేనే వండుకుంటాను, నోరెత్తను. ఓడేవా, మేడంకి నువ్వే ఫోన్ చేసి పేరు తీయించీ."

"అచ్ఛా," అంది కనకం, ఖాళీ కప్పు అందుకుంటూ.

అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి పైడిరాజుకు ఏదో అనుమానం రావాలి. కాని ఆయన అప్పటికే రైలు కూర్పులో పడిపోయాడు. దయాల్‌బంద్‌లో ఉండే స్నేహితుడు తిరుమలరావుకు ఫోన్ చేశాడు. తిరుమలరావు లోకో పైలట్, వచ్చే ఏడాది రిటైరవుతాడు. ఆయన ముందు నడిస్తే ఇంజను. పైడిరాజు వెనక నడిస్తే గార్డు. మధ్యలో కనకం, తిరుమలరావు భార్య రజిని.

"మేమేంటి అన్నయ్య గారూ?" అని ఫోన్లోంచే అడిగింది రజిని.

"బోగీలమ్మా."

"ఏసీవా, జనరలా?"

పైడిరాజు ఫోన్ పెట్టేశాడు.

*

ఫాల్గుణ మాసం. అడవి అంచున ఉన్న పల్లెలో బస్సు దిగి లోపలికి అడుగుపెట్టేసరికి ఎండ బయటే ఉండిపోయింది. అది గొడ్డలి మొహం ఎరగని పాత అడవి. సాలచెట్లు ఎంత లావంటే, ఇద్దరు మనుషులు చెరోపక్క నిలబడి పోట్లాడుకోవచ్చు, ఒకరి మొహం ఒకరికి కనబడదు. కొమ్మలకు తెల్లటి పూత, మొదళ్ళకు పచ్చటి నాచు, గాలినిండా ఇప్పపూల మత్తు వాసన. కనకం గుండెనిండా గాలి పీల్చుకుని, సంచి పట్టీలు సరిచేసుకుంది. మోకాళ్ళు ఏమీ అనలేదు.

పైడిరాజు సంచి మాత్రం అందరి సంచుల కంటే బరువుగా ఉంది. అందులో బ్రేకు వ్యానులో ఉండవలసినవన్నీ ఉన్నాయి: చేతి లాంతరు, ఎర్ర జెండా, పచ్చ జెండా, విజిలు, రెండు మోకాలి పట్టీలు, నొప్పుల మందు సీసా. పట్టీలూ మందూ కనకం కోసం. ఆవిడ కూలబడిన క్షణాన ఆలస్యం లేకుండా అందించాలని ఆయన ఉబలాటం.

"రూలు వినండి," అన్నాడు. "నేను పచ్చ జెండా ఊపందే ఇంజను కదలకూడదు. బోగీలు ఇంజనుతో మాట్లాడకూడదు. బండి ఆగిందంటే కారణం ఉన్నట్టు."

విజిలు ఊదాడు. తిరుమలరావు నోటితో కూత వేశాడు. ఎక్కడో కొమ్మ మీదున్న కొండముచ్చు ఒకటి కిందికి చూసి, తన దారిన తాను పోయింది.

దారి తప్పకుండా చెట్లకు అక్కడక్కడ పసుపు పచ్చ గుర్తులు వేసి ఉన్నాయి. ఒక్కొక్క గుర్తు దగ్గరా తిరుమలరావు నడక తగ్గిస్తున్నాడు.

"ఎందుకండీ నత్తలా?" అంది రజిని.

"పసుపు కదే. నిదానంగా వెళ్ళమని."

"అది దారి చూపించడానికి వేశారు."

"ఎవరు ఎందుకేసినా పసుపు పసుపే."

ఆ లెక్కన మధ్యాహ్నం దాకా బాగానే సాగారు. కనకం ఒక్కసారి కూడా ఆయాసపడలేదు. వెనకనుంచి పైడిరాజు అప్పుడప్పుడు ఆశగా అడిగేవాడు, "ఏటి కనకం, నొప్పేటైనా ఉందా?" "లేదండీ." కాసేపయ్యాక మళ్ళీ, "కొంచెమైనా?" "బొత్తిగా లేదండీ." ఆ జవాబు ఆయనకు అంత నచ్చినట్టు లేదు.

వాగు వంపు తిరిగాక తిరుమలరావు ఉన్నపళంగా ఆగిపోయాడు. ఎదురుగా ఉన్న పెద్ద సాలచెట్టుకు మనిషి తలంత ఎర్రటి మచ్చ ఉంది. అటవీశాఖ వాళ్ళు చెట్లు లెక్కపెట్టుకున్నప్పుడు వేసిన రంగు కాబోలు.

"నడవండి," అంది రజిని.

"రెడ్."

"చెట్టండీ అది!"

"చెట్టేనని నాకూ తెలుసే. కాలు కదలడం లేదు." ఆయన మొహం చూస్తే వేళాకోళంలా లేదు. "ఇన్నేళ్ళలో ఒక్క రెడ్ దాటలేదు. వచ్చే ఏడు ఇంటికెళ్ళిపోతున్నవాణ్ణి, ఇప్పుడు దాటమంటావేటి?"

"పోనీ కళ్ళు మూసుకోండి. చెయ్యి పట్టుకుని దాటిస్తాను."

"కళ్ళు మూసుకుని రెడ్ దాటడమా!" తిరుమలరావు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఉద్యోగం తీసేసి ఊరుకోరే. జైల్లో వేస్తారు."

కనకం ఇద్దరినీ చూసింది. భుజాన ఉన్న ఆకుపచ్చ తువ్వాలు తీసి, వెళ్ళి ఆ ఎర్ర మచ్చకు అడ్డంగా చెట్టు బెరడులో దోపింది.

"గ్రీన్ పడిందండీ అన్నయ్య గారూ."

తిరుమలరావు ఊపిరి వదిలాడు. "చల్లగా ఉండమ్మా. అయితే గార్డు పచ్చ జెండా కూడా కావాల."

ముగ్గురూ వెనక్కి తిరిగారు. గార్డు లేడు.

*

వాగు వంపు అవతల ఏం జరిగిందో కనకానికి తర్వాత తెలిసింది. బండి ఆగడం పైడిరాజుకు తెలిసింది గాని, ఎందుకు ఆగిందో వంపు వల్ల కనబడలేదు. కనబడనక్కర్లేదు కూడా. కనకం మోకాళ్ళు పట్టేసి ఉంటాయి, అంతే. ఆ సంతోషంలో ఆయన ముందుకు వచ్చి చూడవలసింది. కాని దారిలో బండి ఆగిపోతే గార్డు చేయవలసింది వెనక్కి పరుగెత్తి, వచ్చే బండికి ఎర్ర జెండా చూపించడం. ఆ అడవిలో వెనకనుంచి వచ్చే బండి ఏమిటని ఆయన కాళ్ళు అడగలేదు. ఎర్ర జెండా పట్టుకుని, విజిలు ఊదుకుంటూ వచ్చిన దారినే పరుగెత్తాడు.

ఆ విజిలుకు ఇప్పపూలు ఏరుకుంటున్న పల్లెవాళ్ళు బుట్టలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

"కా హోయిస్ సాహెబ్?" అని ఏమైందని అడిగిందొక ముసలావిడ.

పైడిరాజు తన రైల్వే హిందీలో విషయం చెప్పాడు: భార్యకు మోకాళ్ళు పోయాయి, ఒక్క అడుగు వేయలేదు, ముందే వద్దన్నాను, వినలేదు. చెబుతూ చెబుతూ కొంత కరుణరసం కూడా కలిపాడు. ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. చెట్ల కింద పూలకు కాపలా పడుకోవడానికి తెచ్చుకున్న నులక మంచం ఒకటి ఉంటే, నలుగురు మగవాళ్ళు దాన్ని భుజానికెత్తుకున్నారు. ఒక కుర్రాడిని ఊళ్ళోకి కబురు పట్టుకుపొమ్మన్నారు.

పైడిరాజు విజయగర్వంతో ముందు నడిచాడు. జీవితంలో ఆయన అందరికంటే ముందు నడిచింది ఆ ఒక్కసారే. అలవాటు లేని పని. నాలుగడుగులు వేశాడో లేదో, నేలమీద పరుచుకున్న ఇప్పపూల మీద కాలు జర్రున జారి, చీలమండ మెలికపడింది.

సరిగ్గా అప్పుడే వంపు తిరిగి కనకం వచ్చింది, వీపున సంచితో, చెమట కూడా పట్టకుండా. మంచాన్ని చూసింది. నలుగుర్నీ చూసింది. చెట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డ భర్తను చూసింది.

"ఏటండీ ఇది? ఎవరికి?"

"నీకే," అన్నాడు పైడిరాజు నీరసంగా.

"బైఠ్ జా బాయీ," కూర్చో తల్లీ అంటూ ముసలావిడ ప్రేమగా కనకం చెయ్యి పట్టుకుని, కింద దించిన మంచం వైపు లాగింది. కనకం ఆవిడకు అర్థమయ్యేలా అక్కడే మూడుసార్లు కూర్చుని లేచి చూపించింది. పల్లెవాళ్ళు ముచ్చటపడ్డారు గాని వెనక్కి తగ్గలేదు. వాళ్ళలో పెద్దాయన నిష్కర్షగా చెప్పేశాడు: పూలు ఏరే వేళ పని మానుకుని వచ్చాం, ఖాళీ మంచం వెనక్కి మోసుకుపోం, ఎవరో ఒకరు ఎక్కాల్సిందే.

"నువ్వే ఎక్కేసీ కనకం," అన్నాడు పైడిరాజు గబగబా. "పాపం, నీకోసమని వచ్చేరు."

"ఎక్కితే పందెం?"

పైడిరాజు చెట్టు బెరడును పరిశీలించాడు. "పందెం దారి పందెందే మరి."

"అలాగా. అయితే మీరా చెట్టు వదిలేసి ఇలా నాలుగడుగులు రండి. ఎక్కుతాను."

పైడిరాజు చెట్టు వదిలాడు. ఒక్క అడుగు వేశాడు. రెండో అడుగు నేలకు కాకుండా మంచానికి తగిలింది. ఆ తర్వాత జరిగినదాంట్లో ఆయన ప్రమేయం ఎక్కువ లేదు.

*

లోయలో గుడిసె అక్కడికి దగ్గరే. ముందు కనకం నడిచింది, తన సంచి వీపున, లాంతరూ జెండాలూ ఉన్న భర్త సంచి ముందు వేసుకుని. పసుపు గుర్తుల దగ్గర ఆగలేదు. వెనక మంచం, దాని వెనక రజిని. అందరికంటే వెనక తిరుమలరావు. ఇంజను చివర తగిలించడం ఆయనకు కొంచెం నామోషీగా ఉంది గాని, ఎర్ర మచ్చలు ఎదురుపడని హాయి కూడా ఉంది.

ఆ రాత్రి మోకాలి పట్టీలు రెండూ పైడిరాజు చీలమండకు చుట్టారు. మందు సీసా సగం అయిపోయింది. చీకటి పడిందని మంచం వాళ్ళు నలుగురూ గుడిసె అరుగు మీదే పడుకున్నారు. కనకం వాగు గలగలలు వింటూ గుర్రుపెట్టి నిద్రపోయింది.

పొద్దున్న మళ్ళీ అదే వరసలో బయల్దేరి పల్లెకు చేరేసరికి ఊరంతా రచ్చబండ దగ్గర ఉంది. రైల్వే సాహెబు గారి భార్య కాళ్ళు పడిపోయి మంచం మీద వస్తోందని కబురు రాత్రే అందింది. ఒకావిడ ఆవనూనె వేడిచేసి గిన్నెతో నిలబడింది. ఎండ తగలకుండా కప్పిన దుప్పటి మెల్లగా పైకెత్తి చూసింది. లోపల మీసాలున్నాయి.

"బాయీ కహా హే?" అని, అమ్మగారేరని అడిగిందావిడ, అయోమయంగా.

రెండు సంచులతో నిలబడ్డ కనకాన్ని మంచం మోసేవాళ్ళు చూపించారు. ఊరంతా కనకాన్ని చూసి, తర్వాత పైడిరాజును చూసింది.

పైడిరాజు దిక్కులు చూసి, స్నేహితుడి మీద పడ్డాడు. "నువ్వా చెట్టు దగ్గర ఆగకపోతే ఇదంతా జరిగేదేటి బావా?"

"నేను రెడ్ చూసి ఆగేను," అన్నాడు తిరుమలరావు. "నువ్వేటి చూసి పరిగెట్టేవు?"

"కనకం కూలబడిందనుకున్నాను."

"అనుకున్నావు. చూసేవా?"

పైడిరాజు దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. కనకం సంచులు దించలేదు. తొందరలేనట్టు, అలాగే నిలబడి ఆయన వంక చూస్తోంది. రచ్చబండ పక్కనే ఆగి ఉన్న బస్సు డ్రైవరు హారన్ కొట్టబోయి మానుకున్నాడు.

"చూళ్ళేదు," అన్నాడు చివరికి. "నేనే పొరబడ్డానే కనకం. నువ్వెల్లు. హిమాలయాలకెల్లు."

"వదినకి వినబడలేదనుకుంటాను అన్నయ్య గారూ," అంది రజిని.

"తప్పు నాది!" అని గట్టిగా అరిచాడు పైడిరాజు. "నాదే! నాదే!"

తెలుగు రాని మంచం వాళ్ళు అది కాలి నొప్పి అనుకుని, ఆయన్ని ఇంకాస్త మెల్లగా దింపారు.