ఎఫ్ డ్రైవులో మంత్రిగారు

ఇకమీదట ఈ కార్యాలయంలో కాగితం అనేదే కనిపించదని మంత్రిగారు రిబ్బను కత్తిరించి ప్రకటించారు. ఆ ప్రకటనకు మూడు నకళ్లు తీయించి ఫైల్లో పెట్టినవాడు సూపరింటెండెంట్ జగన్నాధం. ఆ శ్రద్ధ చూసి ఆయన్నే డిజిటల్ నోడల్ అధికారిని చేశారు. కంప్యూటర్ గురించి తనకేమీ తెలియదన్న సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే.

శుక్రవారం ఉదయం కళింగపట్నం అవతలి పల్లె నుంచి లక్ష్మణమ్మ వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఆ పల్లెలో నూట పన్నెండు ఇళ్లను సముద్రం కోసుకుపోయింది. ఇళ్ల స్థలాల కోసం వాళ్ల పేర్లు సాయంత్రం ఐదులోగా పై ఆఫీసుకు చేరాలి. ఊళ్లో నెట్ పనిచేయక అక్కడి ఉద్యోగి జాబితాను పెన్ డ్రైవ్‌లో వేసి ఆమె చేతికిచ్చాడు. దాన్ని కొంగున ముడేసుకుని రెండు బస్సులు మారి వచ్చిందామె.

ఆపరేటర్ శ్రావణి పెన్ డ్రైవ్ పెట్టింది. కంప్యూటర్ టింగుమంది. ఎఫ్ డ్రైవ్ తెరిస్తే మంత్రిగారు మొక్క నాటుతూ కనిపించారు. కిందికి జరిపితే చీపురు పట్టుకుని కనిపించారు. ఇంకా కిందికి పోతే మళ్లీ మొక్క.

“మా పేర్లుండాల్సిన కాడ ఈ బాబేటి కూకున్నాడు?” అంది లక్ష్మణమ్మ.

శ్రావణి కాసేపు చూసి విషయం పట్టేసింది. “సార్, మంత్రిగారి ఫొటోలున్న, ఆఫీసులన్నిటికీ కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్‌కి మనం ఎఫ్ అని పెట్టుకున్నాం. పెన్ డ్రైవ్‌కి కూడా కంప్యూటర్ ఎఫ్ అనే ఇచ్చేసింది. ఒకే అక్షరం ఇద్దరికి. అందుకే ఇది కనబడతా నేదు. దీని అక్షరం మార్చేస్తే సరి. నిమిషం పని.”

నిమిషంలో అయిపోయే పనంటే జగన్నాధానికి భయం. ముప్పై ఏళ్ల సర్వీసులో అలాంటిది ఒక్కటీ చేసి ఎరగడు.

“ఎవరి ఆర్డర్ మీద మారుస్తావమ్మా?” అని శ్రావణిని ఆపి, పై ఆఫీసులో ఉండే అధికారి గిరిబాబుకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

“మంత్రిగారున్న అక్షరాన్ని కదిపితే నిన్నెక్కడికి కదుపుతారో తెలుసా?” అన్నాడు గిరిబాబు.

“ఆయనది కాదండి. పెన్ డ్రైవ్‌ది.”

“అది మన ఆస్తి కాదు కదయ్యా. అభ్యంతరం లేదని వాళ్ల దగ్గర లేఖ తీసుకుని పంపు. పరిశీలించి చెబుతాం.”

కాగితం లేని ఆఫీసు కాబట్టి జగన్నాధం ఎదురుగా ఉన్న కిళ్లీకొట్టుకెళ్లి తెల్లకాగితం తెచ్చుకున్నాడు. ‘ఎఫ్ అను అక్షరమును వదులుకొనుటకు మాకెట్టి అభ్యంతరమును లేదు’ అని అందంగా రాసి, చదివి వినిపించాడు.

లక్ష్మణమ్మ వేలిముద్ర వేసింది. “ఇల్లే వదిలేసినాం. ఈ అచ్చరమెంత బాబూ.”

ఆ మాటకు జగన్నాధం ఆమె ముఖం చూడలేకపోయాడు. తన చేతిరాత వంక చూసుకున్నాడు. బాగానే ఉంది. దానికి ఇంకా సిగ్గేసింది.

లేఖ ఫొటో గిరిబాబుకు వెళ్లింది. మధ్యాహ్నం దాటింది. నాలుగున్నరైంది. జవాబు లేదు. లక్ష్మణమ్మ బెంచీ మీద నుంచి లేవలేదు, భోజనానికీ వెళ్లలేదు.

“మార్చీ తల్లీ,” అన్నాడు జగన్నాధం చివరికి. “వస్తే నా మీదకే వస్తాది.”

శ్రావణి నాలుగు చోట్ల నొక్కింది. పెన్ డ్రైవ్ ఎఫ్ కాస్తా యూ అయింది. నూట పన్నెండు కుటుంబాలు తెర మీదికొచ్చాయి. నాలుగూ యాభైకి జాబితా వెళ్లిపోయింది. జగన్నాధం కుర్చీలో వెనక్కి వాలి, ఇంత తెగువ తనలో ఇన్నాళ్లూ ఎక్కడ దాగుందా అని ఆశ్చర్యపోయాడు. ‘మంత్రిగారి దూరదృష్టితో తొలగిన అక్షర సంక్షోభం’ అని పత్రికలకు ప్రకటన కూడా మొదలుపెట్టాడు.

ఇంతలో గిరిబాబు ఫోన్ చేశాడు.

“లిస్టు అందిందయ్యా, శభాష్. సోమవారం మంత్రిగారి సభకు జనం చాలరని బెంగగా ఉండేది. ఇంటికి ఇద్దరేసి రమ్మను. నాలుగు బస్సులు పంపుతున్నాం.”

“మరి స్థలాలండి?”

“సభాస్థలం చూసేశాం. ఆడవాళ్లను మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టు. ఫొటోలో బాగుంటుంది.”

జగన్నాధం ఫోన్ పెట్టేదాకా లక్ష్మణమ్మ ఆగింది.

“మాకు ఏ కాడిస్తన్నారు బాబూ?”

జగన్నాధం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ముందు వరసలోనమ్మా.”

“సముద్రానికి దూరమేనా?”

“బాగా దూరం,” అన్నాడు.