మంత్రిగారి ఆటలో మా వంతెన

ఇకమీదట నీతికి కొలత ఉంటుందని మంత్రిగారు ప్రకటించారు. ఒకటో తారీఖు నుంచి సర్కారు కాగితం మీద సంతకం పెట్టే ప్రతి మనిషీ ముందుగా కంప్యూటర్లో ఒక ఆట ఆడాలి. కత్తులు, మంత్రాలు, రెక్కల పాములు ఉన్న ఆట. అందులో అడుగడుగునా ధర్మసంకటమే. వీళ్ళని కాపాడితే వాళ్ళు చస్తారు, వాళ్ళని కాపాడితే వీళ్ళు శాపనార్థాలు పెడతారు. చివర మార్కులు వేస్తారు. అరవై దాటితే నీతిపరుడు. లేకపోతే మళ్ళీ ఆడాలి.

"మొట్టమొదట నేనే ఆడతాను!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నేను అక్కడెందుకున్నానంటారా? మా వీధికీ ఆసుపత్రికీ మధ్య ఒక కాలువ ఉంది. దాని మీద వంతెన ఉండేది. అది కట్టిన ఏడాదే మా పెద్దాడికి పళ్ళొచ్చాయి. పోయిన వానలకి పైనున్న పలకలన్నీ కొట్టుకుపోయి స్తంభాలు మాత్రం మిగిలాయి. చుట్టు తిరిగి పోతే ఆరు మైళ్ళు. నా కోడలికి తొమ్మిదో నెల. అందుకని అర్జీ పట్టుకుని ఇరవై రోజులుగా మంత్రిగారి ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుంటున్నాను.

మంత్రిగారు నాకు పరాయి మనిషేం కాదు. చిన్నప్పుడు మా పక్కింట్లోనే ఉండేవారు. గోలీలాటలో ఓడిపోతే అవతలివాళ్ళ గోలీ మింగేసేవారు. అంత పట్టుదల ఆ రోజుల్లోనే.

"పిన్నీ, నువ్వా! బయట కూర్చున్నావేం? లోపలికి రా, చరిత్ర చూద్దువుగాని!" అని ఆయనే పిలిచారు.

లోపల గోడంత టీవీ. దాని ముందు మెత్తటి కుర్చీలో మంత్రిగారు, చేతిలో మీటల డబ్బా. ఎడమవైపు కార్యదర్శిగారు, కుడివైపు పియ్యేగారు, వెనక లా ఆఫీసరుగారు. ఆట తెచ్చిన కంపెనీ అమ్మాయి మాత్రం నిలబడి ఉంది. ఆమెకి కుర్చీ వెయ్యమని ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు.

ఆటలో మంత్రిగారు వీరుడు. పిడికెడు నడుం, కొండంత ఛాతీ.

"అచ్చం మీరే సార్," అన్నారు పియ్యేగారు. "ఎన్నికల పోస్టరు కన్నా బాగా వచ్చారు."

రెక్కల పాము ఒకటి నిప్పులు కక్కుతూ వస్తోంది. ఒకపక్క పల్లె, ఇంకోపక్క కోటలో ధాన్యం. ఏది కాపాడతావు, నలభై సెకన్లలో చెప్పు అంది టీవీ.

"తొందరపడకండి సార్, ఇది పాలసీ మేటరు," అన్నారు కార్యదర్శిగారు. "పాము ఏ శాఖ కిందికొస్తుందో ముందు తేలాలి."

"పాకితే అటవీ శాఖ," అన్నారు లా ఆఫీసరుగారు. "ఎగిరితే విమానయానం."

"ఇది రెండూ చేస్తోందే!"

"అయితే జాయింట్ మీటింగు పెట్టాలి సార్."

మీటింగుకి తేదీ కుదిరేలోపు పల్లె బూడిదైంది. ధాన్యం కూడా. నీతి మార్కులు పద్దెనిమిది.

మంత్రిగారి మొహం వాడిపోయింది. "ఇందులో ప్రతిపక్షం చెయ్యి ఉంది," అన్నారు.

"బాధపడకండి సార్," అంది కంపెనీ అమ్మాయి. "ముందే సేవ్ చేశాం. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడొచ్చు."

"మరి చేసిన తప్పు?"

"చెయ్యనట్టే సార్."

మంత్రిగారు వెంటనే ఆ అమ్మాయికి కుర్చీ వేయించారు.

ఆ పూట పల్లె ఏడుసార్లు కాలింది. ఎనిమిదోసారి బతికింది. పల్లెని కాపాడారని పియ్యేగారు పేపర్లకి ఫోన్ చేసి చెప్పారు. అబద్ధం కాదు కదా.

తర్వాత ఒక నది వచ్చింది. ఒడ్డున ఒక ముసలమ్మ. వంగిన నడుం, చేతిలో కర్ర. "వీరుడా! నా కోడలు నొప్పులు పడుతోంది. నది దాటే దారి లేదు. నీ కోట బురుజు కోసం దాచుకున్న కలప ఇస్తే వంతెన వేసుకుంటాం," అంది. బురుజు లేకపోతే శత్రువులు ఎటునుంచి వస్తారో వీరుడికి కనపడదు. అదీ సంకటం.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "చూశావా పిన్నీ, ఆ ముసలామె మొహంలో ఎంత దైన్యమో!"

"చూశాను నాయనా. నాదీ అదే గోల. నా కోడలికి కూడా..."

"ఉండు పిన్నీ, ఆవిడ మాట్లాడుతోంది!"

అర్జీ మడిచి కొంగున పెట్టుకున్నాను. పెద్దావిడ మాట్లాడుతుంటే మధ్యలో దూరడం మర్యాద కాదు.

"సెక్యూరిటీ సార్, బురుజు వదలొద్దు," అని కార్యదర్శిగారు చెవిలో గొణిగారు. మంత్రిగారి నుదుట చెమటలు పట్టాయి. పియ్యేగారు తుడిచారు. మూడు సెకన్లు ఉన్నాయనగా, "పోతే పోనీ! ప్రజలే నా బురుజు!" అని మీట నొక్కారు. చెక్కలు వాటంతటవే ఎగిరొచ్చి నది మీద పరుచుకున్నాయి. ముసలమ్మ కోడలి చెయ్యి పట్టుకుని దాటింది. నూటికి నూరు మార్కులు! గదిలో అందరం ఏడ్చాం. నేను కాస్త ఎక్కువ ఏడ్చాను.

ఆ ఊపులోనే అర్జీ తీసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పియ్యేగారికి అందిస్తూ, "పిన్ని వంతెన సంగతి వెంటనే చూడండి. ఇవాళ నా మనసు అలా ఉంది," అన్నారు.

నాలుగో రోజు జవాబు వచ్చేసింది. అక్షరాలు కూడబలుక్కోగలను గానీ ఆఫీసు తెలుగు నాకు కొరుకుడు పడదు. మా వీధి దర్జీ చదివాడు: "మీరు కోరిన వంతెన గౌరవ మంత్రివర్యుల చేతులమీదుగా ఇప్పటికే నిర్మాణమైనందున మీ ఫైలు ముగించడమైనది. ఫోటో జతపరచడమైనది."

ఫోటోలో నది, చెక్క వంతెన, ముసలమ్మ, వెనకాల కోడలు. ఉన్నమాట చెప్పుకోవాలి, వంతెన ముచ్చటగా ఉంది.

"అత్తయ్యా, ఇందులో కడుపుతో ఉన్నది నేనేనా?" అంది నా కోడలు.

"నువ్వే కాబోలు."

"మరి నాకు చెప్పులేవి?"

మర్నాడు పోయి అడిగాను. చెప్పుల సంగతి కాదు, వంతెన సంగతి. పియ్యేగారు నొచ్చుకున్నారు. "ప్రారంభోత్సవం మీ కాలువ గట్టునే పెట్టించాను పిన్నిగారూ! ఇంకేం కావాలి?"

అన్నట్టే ఆదివారం పొద్దున్నే మా గట్టు మీద స్టేజీ లేచింది. ఇరవైమంది పెద్దలు కూర్చోవాలి కాబట్టి రెండంగుళాల మందం పలకలు వేశారు. పైన తెర, తెర మీద ఆ ఆటలోని వంతెన. మంత్రిగారు రావడం కాస్త ఆలస్యమైంది. కాలువ అవతలి నుంచి చుట్టు తిరిగి ఆరు మైళ్ళు రావాలి కదా, పాపం.

తెర ముందు రిబ్బను కత్తిరించి ఆయన ఉపన్యాసం అందుకున్నారు. "ఒక తల్లి పురుడు కోసం నా బురుజునే వదులుకున్నాను!" అనేసరికి చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలోనే నా కోడలు "అత్తయ్యా!" అని కేకేసి నడుం పట్టుకుంది.

నేను స్టేజీ దగ్గరికి పరుగెత్తాను. "నాయనా, నీ కారొక్కసారి ఇవ్వు!"

మైకు పక్కకి జరిపి ఆయన మెల్లగా చెప్పారు. "నా కారు కదిలితే వెనక పదిహేను కార్లూ కదలాలి పిన్నీ. ఉపన్యాసం ఇంకా రెండు పేజీలుంది. అయినా కారెందుకు? వంతెన ఉందిగా!" అని తెర చూపించారు.

మా దర్జీ, తాపీమేస్త్రి, ఇస్త్రీ చేసే అమ్మాయి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. స్టేజీ వెనక్కి వెళ్ళి మొదటి పలక లాగారు.

"కొంచెం ముందుకి జరగండి సార్," అన్నాడు దర్జీ. పెద్దలు జరిగారు. ఇంకో పలక లాగారు. ఇంకొంచెం జరిగారు. అలా ఒక్కో పలకే కాలువ స్తంభాల మీదికి చేరింది. ఇరవైమందీ నాలుగు పలకల మీద ఒకళ్ళనొకళ్ళు కరుచుకుని నిలబడ్డారు. మంత్రిగారు మాత్రం ఉపన్యాసం ఆపలేదు. ఆ పట్టుదల గురించి ముందే చెప్పాను. కార్యదర్శిగారి కుర్చీ ఎలాగూ ఖాళీ అయింది కనక అందులో కోడల్ని కూర్చోబెట్టి నలుగురు ఎత్తుకుని దాటించారు.

మధ్యాహ్నానికల్లా మనవరాలు పుట్టింది. మర్నాడు పేపర్లలో ఫోటో వేశారు. ముందు మంత్రిగారు, వెనక పలకల మీద మేము. కింద "కొత్త వంతెనపై మొదలైన రాకపోకలు" అని రాశారు.

మూడో రోజు పసిదాన్ని గుండెకి హత్తుకుని, కోడల్ని నడిపించుకుంటూ కాలువ దగ్గరికి వచ్చాను. స్టేజీ కట్టిన మేస్త్రి సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మా, కాస్త బేగి దాటండి."

"ఏం నాయనా?"

"పలకలు విప్పుకుపోవాలి. సాయంత్రం ఇంకోచోట వంతెన ప్రారంభం ఉంది."