ఆకిం గారు తెరిచిన తలుపు

ఆ వసంతం మొదట్లో నా చేతిలో ఉన్నవి తొంభై సిమెంటు రేకులు, ఒక పొడవాటి నిచ్చెన, బజారు చివర ఒక కొట్టు. ఊరంతా రంగు రేకులకు మరిగింది. నా బూడిద రేకుల వైపు కన్నెత్తి చూసే మనిషి ఒక్కరే మిగిలారు. ఆమె జిల్లా కార్యాలయంలో రికార్డు గది చూసుకునే బురుల్చా ఎజే, అంటే బురుల్చా అక్క. ఆమెకు నలభై రేకులు కావాలి, డబ్బు లేదు. డబ్బున్న జిల్లా అధికారి, మా ఆకిం గారు, మమసాలీ ఎర్మెకోవిచ్. ఆయనకు రేకులు అక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే ఆకిం గారు కార్యాలయం మెట్లెక్కి, ఈ ఏడాదిని 'ప్రభుత్వ భవనాల దీర్ఘాయుష్షు సంవత్సరం'గా ప్రకటించారు. మాట పూర్తికాకముందే చూరు నుంచి సున్నపు పెచ్చు ఒకటి ఊడి డిప్యూటీ గారి ఉన్ని టోపీ మీద పడింది.

"చూశారా! భవనం కూడా ఆమోదిస్తోంది" అన్నారు ఆకిం గారు. అంత సమయస్ఫూర్తి ఉన్న అధికారి పక్క జిల్లాల్లో లేడు.

మంజూరైన సొమ్ము తక్కువే. అయినా దాన్ని ఎంత పొదుపుగా వాడారో చూడండి. మొదట కొలతలు తీయించారు. తర్వాత గొర్రెను కోసి పునాదిరాయి వేశారు. అరవై ఏళ్ళ కిందట కట్టిన భవనానికి పునాదిరాయి వేయడం దేశంలో మా దగ్గరే మొదలు. మిగిలిన దాంతో భవనం ముందువైపంతా కప్పేలా ఒక ఫ్లెక్సీ కట్టించారు. మరమ్మతు అయ్యాక భవనం ఎలా ఉంటుందో దాని మీద బొమ్మ. తొమ్మిది కిటికీలు, తొమ్మిదింటికీ అద్దాలు, పూలకుండీలు, నడిమధ్య తేనెరంగు తలుపు. ఒక కిటికీలోంచి ఎవరో పరదేశి అమ్మాయి నవ్వుతూ ఉంటుంది. మా కార్యాలయంలో ఉద్యోగి నవ్వడం జనం చూడటం అదే మొదలు. దండం పెట్టి మరీ వెళ్ళేవారు.

అసలు తలుపు ఫ్లెక్సీ వెనక ఉండిపోయింది. కోస్తే బొమ్మ చెడుతుందని ఉద్యోగులు వెనక కిటికీలోంచి దూరేవారు. ఆకిం గారు నూట ఇరవై కిలోల మనిషి. ఆయన కారులోనే కూర్చుని జిల్లాను పాలించారు.

రెండో వారంలో బురుల్చా ఎజే నా కొట్టుకొచ్చింది. వెంట సైరాఖాన్ అవ్వ. సామూహిక క్షేత్రంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆవుల పాలు పితికిన మనిషి. ఆ ఏళ్ళన్నీ రికార్డు గదిలో పాత ఖాతాపుస్తకాల్లో ఉన్నాయి. వాటిని చూసి సర్టిఫికెట్ ఇస్తేనే పింఛను. ఇలాంటివాళ్ళు పదకొండు మంది.

"కల్దార్, నిన్నటి వానకి డెబ్బై నాలుగో సంవత్సరం పోయింది. సిరా అంతా కారిపోయింది. ఈవిడకి ఇప్పుడు ముప్పై ఏళ్ళే మిగిలాయి" అంది ఎజే.

"ఆవులు మాత్రం ఆ ఏడాది పాలివ్వడం మానలేదు" అంది అవ్వ.

"మరి ఉన్న ఏళ్ళకైనా సర్టిఫికెట్లు ఇచ్చెయ్ ఎజే."

"పదకొండూ రాసి పెట్టాను. ఆకిం సంతకం పెట్టడు. మరమ్మతులో ఉన్న భవనం నుంచి కాగితం బయటికి పోకూడదట, రూలు. మరమ్మతు పూర్తయి ప్రారంభోత్సవం జరగాలట."

"మరమ్మతు ఎప్పుడు పూర్తవుతుంది?"

"మొదలుపెట్టాక."

ముగ్గురం కలిసి కారు దగ్గరికి వెళ్ళాం. ఆకిం గారు అద్దం దించారు.

"నలభై రేకులు చాలండీ, రికార్డు గదికి ఒక్క చుక్క దిగదు" అన్నాను.

"కల్దార్, నీ వ్యాపారం నీది. పైకప్పు ఎవరికి కనిపిస్తుంది చెప్పు? తక్కువ బడ్జెట్ ఉన్నప్పుడు కనిపించే భాగాన్నే బాగుచేయాలి. దీని మీదే రాజధానిలో సెమినార్. వారం పాటు అక్కడే మాట్లాడబోతున్నాను."

"లోపల ఏళ్ళు తడుస్తున్నాయండీ!" అంది ఎజే.

"ఆరబెట్టండి" అని ఆకిం గారు అద్దం ఎత్తేశారు. పరిష్కారం చెప్పకుండా ఆయన ఎవరినీ వెనక్కి పంపరు.

మా ఊళ్ళో ఫ్లెక్సీ వృథా పోదు. ఎన్నికలు అయిన మర్నాటికల్లా ప్రతి గడ్డివామి మీదా ఒక అభ్యర్థి నవ్వుతూ పడుకుని ఉంటాడు. ఓడినవాళ్ళ ఫ్లెక్సీలకి గిరాకీ ఎక్కువ, గెలిచినవాళ్ళవి ఎండకి వెలిసేదాకా ఎవరూ దించరు. ఎలాంటి వాన పడినా కింద గడ్డి పొడిగానే ఉంటుంది. కాబట్టి ఆదివారం ఉదయం బురుల్చా ఎజే ఊరుమ్మడి పనికి పిలిచినప్పుడు ఎవరికీ ఆశ్చర్యం వేయలేదు. పదకొండు మంది ముసలివాళ్ళూ కొడుకుల్నీ తాళ్ళనీ తీసుకుని వచ్చారు. నా వంతు నిచ్చెన. మధ్యాహ్నానికల్లా ముందువైపు ఫ్లెక్సీ రికార్డు గది పైకప్పు మీదికి ఎక్కింది, బొమ్మ ఆకాశం వైపు. ఆ సాయంత్రమే వాన. గదిలో ఒక్క చుక్క దిగలేదు.

"గడ్డికి చేసిన మర్యాద కాగితానికి చేయడానికి ఇన్నాళ్ళు పట్టింది" అంది సైరాఖాన్ అవ్వ.

బుధవారం తనిఖీ కమిషన్ వచ్చింది. పెట్రోలు ఖర్చు తగ్గించమన్నారని మనుషులు రాలేదు, డ్రోన్ వచ్చింది. ఊరి మీద రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది. శుక్రవారానికి నివేదిక: "కిటికీలు తొమ్మిది, అద్దాలు పూర్తిగా ఉన్నవి. పూలు తాజాగా ఉన్నవి. సిబ్బంది ప్రసన్నంగా ఉన్నారు. పాత భవనం ఆనవాళ్ళు లేవు. ప్రారంభోత్సవం జరిపి, ఇదే కోణంలో తలుపు దగ్గర ఫొటో తీసి పంపగలరు. పతకం సిద్ధంగా ఉన్నది."

ఆకిం గారు పరుగున రాజధాని నుంచి వచ్చి కారు దిగారు. ముందు గోడను చూశారు. తేనెరంగు తలుపు లేదు. తల పైకెత్తారు.

"ఎవరు చేశారీ పని?"

"దించేయమంటారా?" అంది ఎజే, ఎంతో వినయంగా.

"వద్దు! కోణం మారిపోతుంది!"

సోమవారం పదింటికి ప్రారంభోత్సవం. రిబ్బను, కత్తెర, పళ్ళెంలో బోర్సోక్ బూరెలు, అన్నీ పైకప్పు మీదికి చేరాయి. నా నిచ్చెన మీద ఆకిం గారు ఎక్కుతుంటే కింద ఆరుగురం పట్టుకున్నాం. పైన డ్రోన్ గుయ్యిమంటోంది. డిప్యూటీలు చూరు దగ్గరే ఆగిపోయారు. వాళ్ళకి ఆ భవనంతో పరిచయం ఎక్కువ.

"అటు పాత రేకులు, పెళుసుగా ఉంటాయి. దూలం మీదే అడుగు వేయండి!" అని అరిచాను.

"తలుపు దూలం మీద లేదోయ్" అన్నారాయన. ఫ్లెక్సీ మీద నడిచి, తేనెరంగు తలుపు నడిమధ్య నిలబడి, రిబ్బను కత్తిరించి, "ప్రజల కోసం ఈ తలుపు తెరుస్తున్నాను" అన్నారు.

తెరుచుకుంది.

నేను కింద అసలు తలుపులోంచి పరుగెత్తి వెళ్ళేసరికి ఆకిం గారు ఖాతాపుస్తకాల గుట్ట మీద కూర్చుని ఉన్నారు. ఒంటి మీద గీత కూడా లేదు. పొడి కాగితం పరుపులా పనిచేస్తుంది. ఆ గదిలోకి ఒక ఆకిం రావడం ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. ఆయన అటూ ఇటూ చూశారు.

"ఇదేం గది?"

"రికార్డు గదండీ. ప్రారంభోత్సవం అయిపోయింది కదా" అని బురుల్చా ఎజే పదకొండు కాగితాలు ఒళ్ళో పెట్టింది. "అంటే మరమ్మతు పూర్తయింది."

ఆయన పైకి చూశారు. కంతలోంచి డ్రోన్ ఆయన్నే చూస్తోంది. పతకం ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

"పూర్తయింది" అన్నారు. పదకొండు సంతకాలు పెట్టారు, ఒక్కదాన్నీ చదవకుండా. అంత వేగంగా ఫైళ్ళు కదిలించిన అధికారిని నేను చూడలేదు.

సైరాఖాన్ అవ్వ తన కాగితం వెలుతురుకి ఎత్తి చూసుకుంది. "ముప్పై రాశావా, ముప్పై ఒకటా?"

"ముప్పై ఒకటి. డెబ్బై నాలుగుని నేనే ఆరబెట్టాను, ఆయన చెప్పినట్టే" అంది ఎజే.

కంత సంగతి మిగిలింది. వాన వల్ల పాడైన పైకప్పుకి నిధులు లేవట. కానీ అధికారి విధి నిర్వహణలో పడిపోతే అది ప్రమాదం, ప్రమాదానికి వేరే ఖాతా. ఆ ఖాతా వాళ్ళు మూడు రోజుల్లో వచ్చి, కంత కొలిచి, నా దగ్గర రెండు రేకులు కొని వేసి వెళ్ళారు. దీర్ఘాయుష్షు సంవత్సరంలో భవనానికి నిజంగా అందింది ఆ రెండే.

మర్నాడు ఎజే నా కొట్టు ముందు నిలబడి మిగతా రేకుల్ని చాలాసేపు చూసింది.

"కల్దార్, ఆకింకి డిప్యూటీలు ఎంతమంది?"

"ముగ్గురు."

"పైకప్పు తనిఖీకి రమ్మంటే వస్తారా?"

"ఫొటో ఉందంటే వస్తారు."

ఆమె వెళ్ళాక లెక్క చూసుకున్నాను. పదకొండు పింఛన్లు, ఒక పతకం, రెండు రేకుల అమ్మకం. నూట ఇరవై కిలోలకి రెండు రేకులు పడ్డాయి. డిప్యూటీలు ముగ్గురూ కలిపి మూడు వందల కిలోలుంటారు. ఐదు రేకులు విడిగా తీసి పెట్టాను.